బామ్మర్ది చేతిలో తాడు

ఆ గనిలో తాడు పట్టేది బామ్మర్దే. ఎవరు పెట్టిన కట్టుబాటో తెలియదు గానీ గని నడిచినన్నాళ్లూ అట్లాగే నడిచింది, మూతపడి ఆరేళ్లయినా దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు. అన్నదమ్ముడికి పొలం గట్టు మీద కన్నుండొచ్చు. స్నేహితుడి మనసులో పాత మాట ఏదో మెదలొచ్చు. భార్య తమ్ముడికి మాత్రం అట్లా కుదరదు, గోడ మీదున్న మనిషితో పాటు తన తోబుట్టువు నల్లపూసలు కూడా ఆ తాడుకే వేలాడుతుంటాయి. అందుకని వాడు కునుకు తీయడు, చుట్ట ముట్టించడు, పక్కవాడితో కబుర్లకు దిగడు. గౌస్ బాషా పదేళ్లు ఆ ధీమాతోనే గోడలెక్కాడు. ఒక మంగళవారం పొద్దున అంకమ్మరావు గారి మిరపకల్లంలో, పదిమంది చూస్తుండగా, ఆ ధీమాను తన చేత్తోనే పోగొట్టుకున్నాడు.

అంకమ్మరావు పంచాయతీ ప్రెసిడెంటు. నులకమంచం మీద కూర్చుని గౌస్ బాషాకు పని అప్పజెబుతున్నాడు. కల్లం నిండా ఎండుమిరపకాయలు పరచి ఉన్నాయి. ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్లలో గౌస్ బాషా భార్య మదార్‌బీ ఉంది. ఆమె తమ్ముడు రంజాన్ కాస్త అవతల బోరాల్లో కాయ పోసి కాళ్లతో తొక్కుతున్నాడు.

"నాలుగు బండలురా. దక్షిణపు గోడకి కరుచుకోని ఏలాడతన్నయ్యి, నువ్వూ చూశావు గదా. మొన్న చిన్న పెళ్ల ఊడితేనే బుల్లయ్య గేదె నడుం ఇరిగి చచ్చింది. ఆ పెద్దది పడిందంటే కింద మడుసులు మిగలరు. వానలు పడకముందే దించెయ్యాలి" అన్నాడు అంకమ్మరావు.

సాగర్ కాలువ వస్తుందని నాలుగేళ్లుగా అందరూ చెబుతూనే ఉన్నారు. అది వచ్చేదాకా ఊళ్లో గొడ్లకూ గుడ్డలకూ గని అడుగున నిలిచిన మడుగే దిక్కు. గౌస్ బాషా గుప్పెడు మిరపకాయలు తీసుకుని, రైతులాగా నలిపి చూస్తూ, లోపల్లోపల మురిసిపోతున్నాడు. గని మూతపడ్డాక దూది ఏకుతూ, కూలికి పోతూ పదిమందిలో పదకొండోవాడైపోయాడు. ఇవాళ ప్రెసిడెంటు కబురు పెట్టి మరీ పిలిచాడు.

"దించేద్దామండి. నాలుగు రోజుల పని. రంజానూ నేనూ చాలు" అన్నాడు.

"మా ఆయన ఎక్కలేడండి" అంది మదార్‌బీ.

చేటలో కాయలు చెరుగుతూనే, తల ఎత్తకుండానే అంది.

"ఆరేళ్లయింది గోడ ముట్టుకోక. మొన్న ఇంటి మీద తాటాకు సర్దటానికి నిచ్చెనెక్కితేనే కాళ్లు వణికినయ్యి. కింద నిచ్చెన పట్టుకుంది నేనే, నాకు తెలవదా? ఇంకెవురినన్నా చూసుకోండి బాబుగారూ, మీకు పుణ్యముంటది."

ఆడవాళ్లలో ఎవరో గుడ్డ చాటున కిసుక్కుమన్నారు. ఆ నవ్వు లేకపోతే ఏమయ్యేదో. గౌస్ బాషా రెండంగల్లో వెళ్లి ఆమె చెంప మీద కొట్టాడు. మిరపకాయ నలిపిన చెయ్యి అది.  మదార్‌బీ కన్ను మూసుకుని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆమె చెప్పింది అబద్ధమైతే కొట్టేవాడు కాదు. అది గౌస్ బాషాకూ తెలుసు.

రంజాన్ బోరాలోంచి దిగాడు. బావ మీదికి వస్తాడని అందరూ అనుకున్నారు. రాలేదు. తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు, చెంబుతో నీళ్లు తెచ్చి అక్క కన్ను కడిగాడు, జబ్బ పట్టుకుని లేపి తీసుకుపోయాడు. గౌస్ బాషా వైపు చూడనైనా లేదు.

"సర్లే, ఆడవాళ్ల మాటలు పట్టించుకుంటే పనులు సాగుతయ్యా. రేపు మొదలెట్టెయ్" అన్నాడు అంకమ్మరావు, మంచం మీద కాలు మార్చుకుంటూ. తప్పు చేశావని అక్కడ ఒక్కరూ అనలేదు. చేటలు మళ్లీ కదిలాయి.

మదార్‌బీ సాయంత్రానికి ఇంటికి రాలేదు. రెండు వీధుల అవతల ఉన్న తల్లి మాబూబీ ఇంట్లోనే ఉండిపోయింది. కూతురు ఖుర్షిదా చిలకలూరిపేటకు కాపురానికి పోయిన దగ్గర్నుంచి ఇంట్లో వీళ్లిద్దరే. గౌస్ బాషా కుండలో మిగిలిన అన్నం కారంతో తిన్నాడు. కోపం చల్లారితే అదే వస్తుందిలే అనుకున్నాడు. గునపం మొన సానబెడుతుంటే మాత్రం చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. తాడు తన ఇంట్లో లేదు. పట్టేవాడి ఇంట్లోనే ఉంటుంది. రేపు పొద్దున ఆ తాడు పట్టుకుని వచ్చేది, వస్తే, రంజాన్.

వచ్చాడు. బుధవారం గౌస్ బాషా గని దగ్గరికి వెళ్లేసరికే రంజాన్ గోడ పైన ఉన్నాడు. వాడరేవు పడవల వాళ్ల దగ్గర కొన్న కొబ్బరి తాడు, బొటనవేలంత లావు, దాన్ని అంచు మీద అడ్డంగా వేసిన తుమ్మ మొద్దు మీదుగా కిందికి వదిలాడు.

ఇసుకరాయి గోడ అది, తొమ్మిది నిలువుల ఎత్తు. పై అంచు పొడిపొడిగా రాలుతుంది. అందుకని పైనుంచి వేలాడుతూ దిగేవాడి నెత్తిన అంచే పడుతుంది. కిందినుంచే ఎక్కాలి. పూర్వం పేలుడు మందు కూరడానికి తొలిచిన బెజ్జాలున్నాయి, వాటిలో కాలివేళ్లు దూర్చి, చేతులతో గాట్లు పట్టుకుని పోవాలి. నడుముకు కట్టిన తాడు పైకి పోయి, మొద్దు దాటి, నిలువుగా పాతిన రాతిగుంజకు ఒక చుట్టు తిరిగి, పట్టేవాడి చేతుల్లోకి వెళుతుంది. ఎక్కేకొద్దీ వాడు తాడు లాగుకుంటూ ఉంటాడు. పట్టేవాడికి ఎక్కేవాడు కనపడడు. ఒక గుంజుడు గుంజితే వదలమని, రెండు గుంజితే బిగించమని. పని మొదలెట్టేముందు పైనుంచి "బావా, కట్టుకున్నావా?" అని కేక రావాలి, కిందినుంచి "కట్టుకున్నా, ఇక నీదే భారం" అని జవాబు పోవాలి.

గౌస్ బాషా తాడు కట్టుకుని, అరచేతులకు బూడిద రాసుకుని, తల ఎత్తి నిలబడ్డాడు. కేక రాలేదు. తాడు మాత్రం పైకి కదిలి నడుము దగ్గర బిగుసుకుంది.

"కట్టుకున్నా" అన్నాడు తనే.  మిగతా మాట నోటికి రాలేదు.

రెండు నిలువులు ఎక్కేసరికే వేళ్లకు పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి. గుండెకే ఏదీ గుర్తు రావడంలేదు. పాదం కింద ఇసుక పలుకులు గరగరలాడుతున్నాయి. చెమట తగిలితే ఆ రాయి సబ్బులా జారుతుంది, అందుకని ప్రతి పట్టుకూ చెయ్యి పంచెకు తుడుచుకుంటున్నాడు. సుత్తితో తట్టి చూస్తున్నాడు. కణేల్‌మంటే గట్టి రాయి, బొంగురుగా పలికితే పుచ్చు. మధ్య మధ్య తలెత్తి తాడును చూస్తున్నాడు. పదేళ్లలో ఎన్నడూ చెయ్యని పని అది. తాడు సంగతి పైవాడు చూసుకుంటాడు గదా.

తాడు ఎక్కడా తప్పు చెయ్యలేదు. జానెడు ఎక్కితే జానెడు లాగింది. ఆగితే ఆగింది. రెండు గుంజితే బిగిసింది. రంజాన్ ఇంత జాగ్రత్తగా ఎన్నడూ పట్టలేదు. అదే గౌస్ బాషాను భయపెట్టింది. ఎప్పుడు ఎంత తాడు ఇవ్వాలో ఇంత బాగా తెలిసినవాడికి ఎప్పుడు వదలాలో కూడా తెలుస్తుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తాడు నూలంత కదిలినా తనను చంపడానికే కదిలిందనిపించింది. మొదటి బండ చిన్నది. పగుల్లో గునపం దూర్చి నాలుగు పోట్లు పొడిస్తే ఊడి మడుగులో పడింది. గంటలో అయ్యే పనికి మధ్యాహ్నం దాకా పట్టింది.

దిగాక రంజాన్ పక్కదారిన కిందికి వచ్చి, తాడు చుట్ట చుట్టుకున్నాడు.

"మీ అక్కెట్టా ఉంది?" అన్నాడు గౌస్ బాషా.

"కన్ను వాచింది" అన్నాడు రంజాన్. బావా అనలేదు. తాడు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం గౌస్ బాషా హుస్సేన్ సాహెబ్ దగ్గరికి పోయాడు. మసీదు జమాతుకు పెద్ద ఆయన. గనిలో గౌస్ బాషాకు గోడెక్కడం నేర్పింది కూడా ఆయనే. మోకాళ్లు పట్టేసి ఇప్పుడు అరుగు దిగడు.

"తాడు ఇంకెవురైనా పట్టొచ్చా మామా?" అని అడిగాడు గౌస్ బాషా.

ముసలాయన చాలాసేపు అతని మొహం చూశాడు. "కల్లం సంగతి విన్నాలే. భయమేస్తందా?"

"భయమేముంది."

"ఉంటే మంచిదే. పోయి కాళ్లు పట్టుకో, పోద్ది."

"రంజాన్ గాడి కాళ్లా?"

"వాడివెందుకురా, వాణ్ణి కొట్టావా ఏంది? మదార్‌బీవి."

గౌస్ బాషా తువాలు దులుపుకుని లేచాడు. ఇన్నేళ్లలో ఎన్నో గోడలెక్కాడు గానీ అత్తగారింటి గడప మాత్రం ఆ వేళ అతనికి వాటన్నిటికన్నా ఎత్తుగా కనపడింది. ఆ వీధి మొదటిదాకా వెళ్లి, ఎవరో నవ్వినట్టు వినపడితే, వెనక్కి తిరిగి బుల్లయ్య ఇంటికి పోయాడు.

బుల్లయ్య గేదె పోయిన దుఃఖంలో ఉన్నాడు. గోడ మీద కసి తీర్చుకోవడానికి పిలిచినట్టే ఒప్పుకున్నాడు. మనిషి దుక్క. కోడెగిత్తను ఒంటిచేత్తో నిలబెడతాడు. తాడు పట్టడానికి అంతకన్నా ఏం కావాలి అనుకున్నాడు గౌస్ బాషా. తెలిసిన మనిషై ఉండీ అట్లా అనుకున్నాడు, భయం అట్లాంటిది.

గురువారం రంజాన్ తాడుతో వచ్చేసరికి రాతిగుంజ దగ్గర బుల్లయ్య మోకులాంటి చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. రంజాన్ అతన్నీ చూశాడు, కిందనున్న గౌస్ బాషానూ చూశాడు. తాడు బుల్లయ్య కాళ్ల దగ్గర పడేశాడు. వెళ్లిపోతాడనుకుంటే వెళ్లలేదు. పది గజాల అవతల ఒక రాయి మీద కూర్చున్నాడు.

బుల్లయ్యకు గిత్తను పట్టడం తెలుసు. గిత్త లాగితే తనూ లాగుతాడు, గిత్త ఆగితే వదులు చేస్తాడు. గౌస్ బాషాను కూడా అట్లాగే పట్టాడు. ఎక్కడానికి తాడు కావాల్సినప్పుడల్లా నడుము పట్టి పైకి ఈడ్చాడు, నిలదొక్కుకుని గునపం అందుకునేసరికి కదలడం మానేశాడు గదా అని బారెడు తాడు వదిలేశాడు. "బిగించు, బిగించు" అని గౌస్ బాషా అరిచాడు. గోడల మధ్య ఆ మాట నాలుగైదుసార్లు తిరిగి ఏం మాటో కాకుండా పోయింది. రెండుసార్లు గుంజాడు. గుంజుతున్నాడు, ఇంకా కావాలేమో అనుకుని బుల్లయ్య మరికొంత వదిలాడు.

ఎడమకాలి కింది బెజ్జం అంచు అప్పుడే ఊడింది. గౌస్ బాషా పడ్డాడు. గోడ మొహానికి అడుగు దూరంలో పైకి పోతోంది. కేక కూడా రాలేదు, ఊపిరంతా పొట్టలోనే ఆగిపోయింది. మదార్‌బీ గుర్తు రాలేదు, ఖుర్షిదా గుర్తు రాలేదు. కింద మడుగు పక్కన మొన తేలి ఉన్న తెల్లరాయి ఒక్కటే కనపడింది. నిలువు లోతు జారాక నడుము రెండుగా విరిగినట్టు తాడు పట్టేసింది. గోడకు కొట్టుకుని, భుజం చెక్కుకుపోయి, గాలిలో గిరగిరా తిరిగాడు.

పైన ఏం జరిగిందో అతనికి కనపడలేదు. మాట వినపడింది.

"బుల్లయ్య మామా, లెగు. పక్కకి జరుగు."

రంజాన్ గొంతు. తర్వాత తాడు జానెడు జానెడుగా కిందికి వదులుతూ అతన్ని నేల మీద దించింది. బుల్లయ్య పైనుంచి తొంగి చూశాడు. గడ్డం కొట్టుకుపోయి రక్తం కారుతోంది. "గుంజకి చుట్టు తిప్పటం మర్చిపోయా, నన్ను ఈడ్చేసిందిరా గౌసూ. అంచు దాకా ఈడ్చేసింది. నీ బామ్మర్ది దూకి పట్టుకోకపోతే ఇద్దరం పోయేవాళ్లం" అన్నాడు.

కృతజ్ఞత ఉన్నవాడికైతే ఆ క్షణంలోనే కొండంత భారం దిగిపోయి ఉండేది. గౌస్ బాషా నీళ్లు తాగి, భుజానికి పసుపు అద్దుకుని, మళ్లీ తాడు కట్టుకున్నాడు. ఈసారి రంజానే పట్టాడు. ఆ పూట రెండు బండలు దించారు. దించుతున్నంతసేపూ గౌస్ బాషా మనసు ఒక్క చోటే తిరిగింది. ఎందుకు పట్టుకున్నాడు? వదిలేస్తే నేరం బుల్లయ్యది అయ్యేది, రంజాన్‌కు మట్టి కూడా అంటేది కాదు. అట్లాంటి అవకాశం వదులుకున్నాడంటే? తన చేతులతోనే చెయ్యాలని ఉందేమో. పెద్ద బండ నాటికి ఊరంతా వస్తుంది. కల్లంలో పదిమంది ముందు జరిగినదానికి గనిలో వందమంది ముందు జవాబు చెప్పాలనుకున్నాడేమో. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. మనిషిని కాపాడిన చెయ్యి కూడా దాని కళ్లకు కత్తిలాగే కనపడుతుంది.

శుక్రవారం పని లేదు. నమాజు అయ్యాక మసీదు బయట రంజానూ హుస్సేన్ సాహెబూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. అరుగు దిగని మనిషిని ఎవరో మోసుకొచ్చినట్టున్నారు. గౌస్ బాషా దగ్గరికి రాగానే మాట ఆగిపోయింది. హుస్సేన్ సాహెబ్ చెప్పుల కోసం వెతుక్కున్నాడు, చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

తనను పడేసే సంగతే అనుకున్నాడు గౌస్ బాషా. పెద్దమనిషికి కూడా తెలుసన్నమాట.

ఆ సాయంత్రం పొద్దు వాలకముందే అత్తగారి వీధిలోకి వెళ్లాడు. ఈసారి సగం దాకా వెళ్లాడు. మాబూబీ ఇంటి వాకిట్లో మదార్‌బీ రేకు పెట్టె ముందు కూర్చుని ఉంది. చీరలు మడతపెట్టి ఒకదాని మీద ఒకటి సర్దుతోంది. చెంప మీద వాపు తగ్గింది, కన్ను కింద నల్లగా కమిలి ఉంది. పెట్టె మూత వేసి, మోకాలితో అదిమి, గొళ్లెం పెట్టింది.

గౌస్ బాషాకు ప్రాణం లేచొచ్చింది. బట్టలు సర్దుకుంటోంది. ఇంటికి వచ్చేస్తోంది. తను పోయి పిలవాల్సిన పని కూడా లేదు. భార్య ఇంటికొస్తే బామ్మర్దికి పగేముంటుంది? రేపు బండ దించి వచ్చేసరికి పొయ్యి వెలిగి ఉంటుంది. ఆమె చూడకముందే వెనక్కి తిరిగాడు. చూసి పిలిస్తే తనే ముందు మాట్లాడాల్సి వస్తుంది గదా.

శనివారం నిజంగానే ఊరంతా వచ్చింది. ఆడవాళ్లు మడుగు అవతలి గట్టున నిలబడ్డారు. అంకమ్మరావు కుర్చీ వేయించుకున్నాడు. పెద్ద బండ గోడకు ఆరు నిలువుల ఎత్తున ఉంది. ఎడ్లబండి అంత ఉంటుంది. పై పగులు చెయ్యి దూరేంత వెడల్పు. దాన్ని కిందినుంచి పొడిస్తే పొడిచినవాడి మీదే పడుతుంది. పక్కగా పోయి, దాన్ని దాటి పైకెక్కి, వెనక నుంచి పొడవాలి. ఆ పక్కన మూడు గజాల మేర బెజ్జాలు లేవు. పాదం అడ్డంగా నొక్కి, అరచేతులు గోడకు అదిమి, పాకినట్టు జరగాలి.

రాత్రి తెచ్చుకున్న ధైర్యం మూడో నిలువు దాకా వచ్చింది. ఆ తర్వాత అది కిందే ఆగిపోయి అతనొక్కడే ఎక్కాడు.  బూడిద రాసిన చేతుల మీద చెమట చారలు కడుతోంది. బండ పక్కకు చేరి సుత్తితో మెల్లగా తట్టాడు. అటక మీద ఖాళీ కుండ తట్టినట్టు పలికింది. మొత్తం వదులైపోయి ఉంది. తను తాకితే చాలు, లేదా తాకకపోయినా చాలు.

పాదం అడ్డంగా నొక్కి జరగడం మొదలెట్టాడు. ఒక గజం. తాడు సరిగ్గా వస్తోంది. ఒకటిన్నర. ఎక్కడో దూరంగా పర్చూరు రోడ్డు మీద బస్సు హారను మోగింది. అతని పొట్ట గోడకు అతుక్కుని ఉంది, గుండె చప్పుడు రాతిలోంచి వెనక్కి వినపడుతోంది. రెండు గజాలు. ముందుకూ పోలేడు, వెనక్కీ రాలేడు. బిగించమని రెండుసార్లు గుంజాడు.

తాడు బిగియలేదు. వదులైంది. మెత్తగా, మూర పొడవు, అతని తుంటి మీదుగా జారి గాలిలో ఊగింది.

మళ్లీ గుంజాడు. అవతల ఎవరూ లేనట్టు తాడు ఊరికే వచ్చింది.

ఇదే అది. నాలుగు రోజులుగా ఎదురుచూసింది ఇదే. కాలిబొటనవేలు కింద ఇసుక పలుకు ఒకటి దొర్లింది, ఆ తర్వాత ఇంకొకటి. "రంజానూ" అన్నాడు.  "రంజానూ, తప్పయిందిరా. తప్పయింది. మీ అక్కని కొట్టింది తప్పే. అది చెప్పింది నిజమే, నాకు భయమేస్తంది, నిజంగానే భయమేస్తంది. వదలమాకురా."

గోడలు ఆ మాటలను పట్టుకుని కిందకీ పైకీ తిప్పాయి. గట్టున ఆడవాళ్లు విన్నారు. కుర్చీలో అంకమ్మరావు విన్నాడు. కల్లంలో చూసినవాళ్లంతా విన్నారు.

తాడు బిగిసింది. ఎప్పటిలాగే, నడుము దగ్గర సరిగ్గా ఎంత కావాలో అంత.

గౌస్ బాషా ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే మూడో గజం జరిగాడు, బండ వెనక్కి ఎక్కాడు, గునపం దూర్చాడు. నాలుగో పోటుకు బండ కదిలింది. నెమ్మదిగా ముందుకు వాలి, అంత బరువూ ఒక్కసారిగా వెళ్లి మడుగులో పడింది. నీళ్లు కుర్చీ దాకా ఎగిరాయి. గోడ మీద బండ ఉన్నచోట పచ్చటి కొత్త రాయి బయటపడింది. జనం ఈలలు వేశారు. రంజాన్ మిగిలిన మూడు నిలువులూ తాడు లాగుతూ అతన్ని పైకి తెచ్చాడు.

అంచు దాటి మట్టి మీద బోర్లా పడి కాసేపు అట్లాగే ఉండిపోయాడు గౌస్ బాషా. ఒళ్లంతా తేలికైపోయింది. తప్పు ఒప్పుకున్నాడు, ఊరంతా వింది. ఇంకేం కావాలి ఎవరికైనా. లేచి కూర్చుని మొహం తుడుచుకున్నాడు.

"తాడెందుకు వదులు చేశావురా?" అన్నాడు. కోపంగా కాదు, దాదాపు నవ్వుతూనే.

రంజాన్ గుంజకు చుట్టిన తాడు విప్పుతున్నాడు. "బస్సు పోయింది. దాంట్లో అక్క ఉంది. కిటికీలోంచి చెయ్యి ఊపింది, నేనూ లేచి ఒక చెయ్యి ఊపా. తాడు గుంజకి చుట్టే ఉంది, రెండో చేతిలోనూ ఉంది. పడేవాళ్లు కాదు."

"యాడికి పోయింది?"

"చిలకలూరిపేట. ఖుర్షిదా దగ్గరికి. అల్లుడు జిన్నింగు మిల్లులో పని మాట్లాడాడు. తెగదెంపుల సంగతి హుస్సేన్ సాహెబుకి చెప్పే పోయింది. జమాతు కూడినప్పుడు ఆయనే మీకు చెప్తాడు."

 గౌస్ బాషాకు రేకు పెట్టె గొళ్లెం ఇప్పుడు పడినట్టు వినపడింది. "నేను తప్పని చెప్పాను గదరా. వినలా? ఊరంతా వింది."

"విన్నా. తాడు వదులైతే చెప్పారు. అది నాకు చెప్పారు." రంజాన్ చుట్ట చుడుతూ ఆగాడు. "అప్పటికి బస్సు పేట రోడ్డెక్కేసింది."

 కింద కుర్రకారు మడుగులో దూకుతున్న చప్పుడు వినపడుతోంది.

"మరి ఎందుకు పట్టావు? ఇన్ని రోజులూ? మొన్న బుల్లయ్య వదిలేసినప్పుడు?"

"నేను రానన్నా. మంగళారం రాత్రే అన్నా. అక్కే పొమ్మంది." రంజాన్ తాడు కొసను చుట్టలోకి దూర్చాడు. "వాడు పడి చస్తే నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా వాడి విధవగా ఇద్దత్ కూర్చోవాలి, నావల్ల కాదు, గట్టిగా పట్టుకో అంది."

తాడు చుట్ట తీసుకొచ్చి గౌస్ బాషా ముందు పెట్టాడు. ఇన్నేళ్లలో ఆ తాడు ఏనాడూ ఎక్కేవాడి దగ్గర ఉండలేదు. "ఇది ఇక మీ దగ్గరే ఉంచుకోండి" అని, పంచె దులుపుకుని పక్కదారిన దిగిపోయాడు. అండీ అనీ మీరు అనీ ఎవరో పొరుగూరి పెద్దమనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు. కోపం కూడా లేదు అందులో. తిట్టి ఉంటే బాగుండునని గౌస్ బాషాకు అనిపించింది. తను భయపడాల్సిన చోట భయపడకుండా, అక్కర్లేని చోట నాలుగు రోజులు చచ్చి బతికాడు. తాడు చివరిదాకా నిలిచింది. దాన్ని ఎవరు నిలబెట్టారో ఆ మనిషే జారిపోయింది.

"ఒరేయ్ గౌసూ" అని కిందినుంచి కేక వచ్చింది. అంకమ్మరావు తడిసిన పంచె పిండుకుంటూ, తలెత్తి చూస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది. "భలే దించావురా. ఇంకొల్లు అవతల ఇంకో పాత గని ఉంది, అక్కడోళ్లు కూడా మనిషి కోసం చూస్తన్నారు. సోమారం నువ్వూ మీ బామ్మర్దీ పోయి చూసి రాండి."

గౌస్ బాషా అంచు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. జనమంతా అతని వైపే చూస్తున్నారు.

"నాకు బామ్మర్ది లేడండి" అన్నాడు.

అంకమ్మరావుకు వినపడలేదు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని ఏంటన్నావని మళ్లీ అడిగాడు. గౌస్ బాషా మళ్లీ చెప్పాడు, ఈసారి కింద అందరికీ వినపడేట్టు.